అత్త దాచిన చోళ్ళు

మా అత్తకి వడదెబ్బ తగిలింది నీళ్ళ ట్యాంకర్ దగ్గర. నేను ఇంట్లోనే ఉన్నాను, బకెట్లు కడిగి వరసగా పెట్టుకుని, హారన్ వినిపిస్తే వెళ్దామని చూస్తున్నాను. ఆవిడకి నా మీద నమ్మకం లేదు. ఈ కోడలు తీరిగ్గా వెళ్ళేసరికి నీళ్ళయిపోతాయని, కొంగు నెత్తి మీద వేసుకుని తనే వెళ్ళి ఎండలో నిలబడింది. ఆ వేసవికి టాటానగర్ స్టేషన్ పక్కన మా బాగ్‌బేరాలో చేతిపంపులు, వీటిని ఇక్కడ చాపాకల్ అంటారు, ఒక్కొక్కటీ నీళ్ళు మానేసి గాలి కక్కుతున్నాయి. రైల్వే యార్డు మీంచి వచ్చే గాలి పొయ్యి సెగలా మొహానికి తగులుతోంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి అలాంటి ఎండలో నిలబడితే ఏమవుతుంది? సందులోవాళ్ళు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నేను ఏడుస్తూ తడిగుడ్డలు వేస్తుంటే కళ్ళు తెరిచి, "ఆ గుడ్డ సరిగ్గా పిండు. నీళ్ళన్నీ కారిపోతన్నాయి" అంది.

నా ఏడుపు కాస్తా ఎగిరిపోయి ఒళ్ళు మండింది. ఆవిడతో నా కాపురమంతా ఇలాగే గడిచింది. ప్రేమ పుట్టుకొచ్చే వేళకి సరిగ్గా ఏదో ఒక మాట అనేస్తుంది.

వడదెబ్బ తగ్గింది గానీ దాంతో పోయిన ఆకలి తిరిగి రాలేదు. అన్నం నోట్లో పెడితే వికారం. పప్పు వద్దు, రొట్టె వద్దు, పాలు అసలే వద్దు. దానికి తోడు రేషన్ బియ్యం గొడవ ఒకటి. బలం కోసమని ఈ మధ్య ఆ బియ్యంలో వేరే రకం గింజలు కలుపుతున్నారు. కడిగితే అవి పైకి తేలతాయి. అవి ప్లాస్టిక్ గింజలని మా సందు సందంతా తీర్మానించేసింది. కాదత్తా, మంచివే, మందులాంటివి అని నేను ఎంత మొత్తుకున్నా ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చేట ముందేసుకుని ఏరి పారేసేది. ఏరిన తర్వాతైనా తిన్నదా అంటే, అదీ లేదు.

ఆవిడకి సయించేది ఒక్క చోడంబలి. శ్రీకాకుళం జిల్లాలో, ఒడిశా సరిహద్దుకి దగ్గరగా, కొండవారన ఒక మెట్ట ఊరు ఆవిడ పుట్టిల్లు. అక్కడ చోళ్ళు, అంటే రాగులు, తిని పెరిగింది. గంజిలో చోడిపిండి కలిపి రాత్రంతా పులియనిచ్చి, పొద్దున్నే నూకలు ఉడికించి అందులో పోసి కాస్తే అంబలి. ఉల్లిపాయ కొరుక్కుంటూ ఒక గిన్నెడు తాగిందంటే మధ్యాహ్నం దాకా ఆవిడ జోలికి ఆకలి రాదు. కొత్త పెళ్ళికూతురిగా ఈ ఊరు వచ్చినప్పుడు, బారిడీహ్‌లో ఉండే అత్తింటివాళ్ళు ఆ అంబలి చూసి, "ఇది మనుషులు తాగేదేనా" అని నవ్వారట. ఆవిడ వాళ్ళ ముందే కూర్చుని రోజూ తాగిందట. కొన్నాళ్ళకి మా మామ కూడా ఒక గిన్నె పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడట. ఇది చెప్పినప్పుడల్లా ముసిముసిగా నవ్వుకునేది.

చోళ్ళు ఏడాదికొక బస్తా ఆవిడ మేనల్లుడు పంపేవాడు. రైల్వేలో పనిచేసే మనవాళ్ళు ఎవరో ఒకరు బండిలో వేసుకొచ్చి టాటానగర్ స్టేషన్‌లో దింపేవారు. బస్తా ఇంటికి రాగానే ఆవిడ చేసే మొదటి పని ఒకటుంది. మంచం కింద మూతికి గుడ్డ కట్టిన ఒక మట్టికుండ ఉంటుంది. అందులో పోయినేటి చోళ్ళు, బూడిదా వేపాకూ కలిపి దాచి ఉంటాయి. బస్తా వచ్చాకనే ఆ పాతవి తీసి పిండి పట్టించి, కొత్తవి బాగా ఎండబెట్టి అదే కుండలో నింపేది. కొత్త గింజ గడప దాటి లోపలికి వచ్చేదాకా పాత గింజ ఇల్లు వదలకూడదు. ఇది వాళ్ళ పుట్టింటి పద్ధతి. మనకి పొలమా పుట్రా, రైల్వే పట్టాల పక్కన రెండు గదుల ఇల్లు, ఇక్కడ విత్తనం దాచి ఏం చేస్తావత్తా అని నేను వేళాకోళం చేసేదాన్ని. వేళాకోళాలు ఆవిడకి వినపడవు.

ఆ ఏడు బస్తా రాలేదు. కోతల వేళకి పట్టిన తుఫాను వానకి చేను చేలోనే తడిసి, గింజ వెన్ను మీదే మొలకెత్తిపోయిందని మేనల్లుడు ఫోన్లో చెప్పాడు. ఇక చోళ్ళు వెయ్యననీ, ఆ మెట్టలో సరుగుడు మొక్కలు పెట్టేశాననీ, వాటికైతే వానొచ్చినా రాకపోయినా బెంగ లేదనీ చెప్పాడు. అతన్ని తప్పు పట్టడానికేముంది? మా అత్త ఫోన్ నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంట్లో ఉన్న పాత పిండి వేసవి మొదట్లోనే అయిపోయింది. వడదెబ్బ తర్వాత నేను కుండ గుడ్డ విప్పబోతే చేయి పట్టుకుంది.

"కుండ జోలికెళ్ళకు. అది తినీది కాదు."

సరేనని పెద్ద బజారులో రంగుల ప్యాకెట్లో అమ్మే రాగిపిండి తెచ్చి అంబలి కాశాను. ఒక గుటక తాగి, "సిమెంటు" అని గిన్నె కింద పెట్టేసింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అంత ఉక్కలో, ఎండలో పొయ్యి దగ్గర నిలబడి కాస్తే సిమెంటా? మా ఆయన గోవింద్‌పూర్ వైపు ఒక కార్ఖానాలో ఠేకా పని, అంటే కాంట్రాక్టు పని, చేస్తాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఎప్పుడు మబ్బు పట్టినా ఆయనకి డ్యూటీకి టైమయిపోతుంది. ఆ రోజూ అయిపోయింది. కోపం దిగాక చూస్తే, స్నానం చేయిస్తున్నప్పుడు ఆవిడ భుజం ఎముక నా అరచేతికి గుచ్చుకుంది. డాక్టరు కూడా జబ్బేమీ లేదమ్మా, తిండి లోపలికి వెళ్ళకపోతే మాత్రం మనిషి దక్కదు అని కచ్చితంగా చెప్పేశాడు. నాకు భయం పట్టుకుంది. ఆవిడ లేని ఇల్లు నేనెప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు.

ఎండుచేపలు వేయిస్తే ఆ వాసనకైనా నోరు ఊరుతుందేమోనని ఊరవతల వారానికోసారి జరిగే హాట్‌కి, అదే సంతకి, వెళ్ళాను. కూరలకీ చేపలకీ అక్కడికి వెళ్ళడం నాకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటే. చుట్టుపక్కల పల్లెల ఆదివాసీ ఆడవాళ్ళు ఒక పక్కన వరసగా కూర్చుని ఏవో గింజలు అమ్ముతుంటారు. మేమెవ్వరం అటు ఆగం. మడువా అంటారు, అది జంగల్ వాళ్ళ తిండి అని మావాళ్ళందరికీ ఒక చిన్నచూపు. ఆ రోజు అటుగా నడుస్తుంటే ఒక ముసలామె చేటతో గింజలు చెరుగుతోంది. నాలుగు గింజలు ఎగిరి నా కాలి మీద పడ్డాయి. ఇటుకరంగులో, ఆవగింజంత. నేను అక్కడే కూలబడ్డాను. దోసిట్లోకి తీసుకుని చూశాను, కొరికి చూశాను. చోళ్ళు! ఇన్నేళ్ళుగా మా తెలుగువాళ్ళం రైళ్ళలో, గార్డుల్ని బతిమాలి, పోర్టర్లని బతిమాలి, బస్తాలు తెప్పించుకుంటున్నాం. అదే గింజ మా ఇంటికి టెంపో ఎక్కితే వచ్చేంత దూరంలో, ప్రతి వారం, నేల మీద గుడ్డ పరిచి అమ్ముతున్నారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే కదా. నాలో నేనే గట్టిగా నవ్వేసరికి ఆ ముసలామె కంగారుపడి, నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని నీళ్ళ సీసా అందించింది. ఆమె నన్ను మౌసీ, అంటే పిన్నీ అంది, నాకంటే పదేళ్ళు పెద్దది. నేనూ ఆమెని మౌసీ అనే పిలిచాను.

ఇంటికి తెచ్చి మా అత్త చేతిలో పోశాను. ఎక్కడివో చెప్పలేదు. ఆవిడ లేచి కూర్చుంది. వాసన చూసింది, రెండు గింజలు పంటి కింద వేసుకుంది.

"సోళ్ళే. కొండసోళ్ళు. ఎక్కడివే?"

ఇక్కడివే, మడువా అంటే ఇదేనట అన్నాను. గింజల మీద గుప్పిట మూసుకుంది. తన అంబలి చూసి నవ్వినవాళ్ళ మాదిరిగానే తనూ మడువా తినేవాళ్ళని చూసి మూతి విరిచిన రోజులు గుర్తొచ్చాయో ఏమో. ఆ తర్వాత గింజల్ని వెలుతురుకి పట్టి చూస్తూ, ఇవి కుప్ప మీద తడిసినవి, ఎండబెట్టినా ఆ ముక్కవాసన పోలేదు అంది. తినడానికి పనికొస్తాయా అంటే, తినడానికి బేషుగ్గా పనికొస్తాయి అంది.

మర్నాడు పొద్దున్న అంబలి తాగింది. గిన్నె అడుగు వేలితో నాకింది. నేను వంటింట్లోకి వెళ్ళి పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు, ఒక గిన్నెడు అంబలికి ఏడుపేమిటని. వారం తిరిగేసరికి ఆవిడ గొంతు సందు చివరిదాకా వినపడడం మొదలయింది. నన్ను తిట్టే ఓపిక వచ్చిందంటే కోలుకున్నట్టే.

ఓపిక రాగానే అడిగిన మొదటి మాట ఏమిటంటే, "ఆ మనిషికి ఇత్తనం ఉందేటి? అడుగు" అని. నాకు అర్థం కాలేదు. తడిసిన గింజ కడుపుకి పనికొస్తుంది, నేలకి పనికిరాదు అని విసుక్కుంటూ చెప్పింది.

మళ్ళీ హాట్‌కి వెళ్ళినప్పుడు అడిగాను. మౌసీ చేట పక్కన పెట్టి చెప్పింది. అక్కడ మేనల్లుడి చేను తడిపిన తుఫానే సముద్రం ఒడ్డు నుంచి ఇక్కడిదాకా వచ్చి వీళ్ళ కుప్పల్నీ తడిపిపోయిందట. తడిగుడ్డలో కట్టి చూస్తే ఎక్కడో ఒకటి తప్ప మొలవలేదట. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ అదే కథ. దుకాణాల్లో వరి విత్తనాలున్నాయి గానీ వాళ్ళ మెట్టనేలలో, ఈ నమ్మకం లేని వానలకి, వరి నిలవదు. ఈ ఏడు మడువా వెయ్యకపోతే చలికాలానికి కొడుకూ కోడలూ పిల్లల్ని తీసుకుని ఇటుకబట్టీకి వెళ్ళిపోతారని, తను ఒక్కతే ఉండిపోతుందని అంది. ఆ చివరి మాట నవ్వుతూనే అంది గానీ నా మొహం చూడలేదు. మిగిలిన గింజలన్నీ నాకే కొలిచి ఇచ్చి, ఇక లేవు మౌసీ, వచ్చే వారం రాకు అంది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. నా లెక్క నాకుంది. ఈ గింజ అయిపోగానే ఆవిడ కాదన్నా సరే, మంచం కింద కుండ విప్పి పిండి పట్టించేస్తాను. ఆవిడ మాత్రం నాలుగు రోజులు ఆలోచించి ఆ కుండ బయటికి లాగమంది. గుప్పెడు చోళ్ళు తీసి తడిగుడ్డలో మూటకట్టి నీళ్ళ కడవ పక్కన పెట్టింది. రెండు రోజులు పోయాక విప్పితే తెల్లటి మొలకలు, ఒక్క గింజ కూడా వట్టిపోలేదు. అదే రోజు సాయంత్రం మొదటి వాన పడింది. సందులో పిల్లలు, పెద్దలు, బకెట్లు, గిన్నెలు, ఏది దొరికితే అది పట్టుకుని చూరు కింద నిలబడ్డారు. ఆ గోలలో మా అత్త నన్ను పిలిచి, రేపు హాట్‌కి నేను కూడా వస్తాను, కుండ ఆ మనిషికి ఇచ్చేద్దాం అంది.

నాకు తిక్క రేగింది. దానికేం పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు, కోపమో భయమో. నీకు ఎక్కేది ఇదొక్కటే, బయట ఎక్కడా దొరకదు, ఉన్నది కాస్తా ఊరికి పంచేసి నువ్వేం తాగుతావు, నీకోసం నేను ఎన్ని ఊళ్ళు తిరగను అని నోటికొచ్చినట్టు అరిచాను. నన్ను ఇలా చంపుతావా అని కూడా అన్నట్టున్నాను. మా ఆయనకి ఆ రోజు సెలవు, డ్యూటీ అని పారిపోయే వీలు లేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాలేజీకి వెళ్ళే మా అమ్మాయి మేము తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిస్తుంది. "మమ్మీ, దాదీ కీ చీజ్ హై" అంది. నానమ్మ వస్తువు, నానమ్మ ఇష్టం అని. దాన్నీ కసిరాను.

నేను అరవడం అయిపోయేదాకా మా అత్త ఓపిగ్గా కూర్చుంది. తర్వాత, అంతవరకు మా ఆయన కూడా వినని సంగతి చెప్పింది.

"మాయమ్మ ఒకేడు ఇత్తనం వండీసింది. పిల్లలం ఆకలని ఏడిత్తే, సూడనేక వండీసింది. కడుపునిండా తిన్నాం. మరుసటేడు వర్సాలు బాగా పడ్డాయి. సల్లడానికి గింజ నేదు. మా అయ్య కూలికని రైలెక్కీసేడు. మరాయన మొగం సూడనేదు మేం."

మా ఆయన వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, నా వైపు చూసి, పొద్దున్నే టెంపో పిలవమని చెప్పింది.

టెంపోలో కుండ నన్ను పట్టుకోనివ్వలేదు. గతుకుల్లో పొట్టకి అదుముకుని కూర్చుంది. వచ్చే వారం రాకు అన్నా నేను వస్తానని అనుకుందో, అలవాటు మానలేదో, మౌసీ తన చోటులోనే అడవి కూరాకు కుప్పలు పోసుకుని ఉంది. మా అత్తకి హిందీ వంకర, ఆమెది మరో రకం వంకర. నేను మధ్యలో తర్జుమా చెయ్యబోతే ఇద్దరూ నన్ను పక్కకి తోశారు. మౌసీ కుండలో చెయ్యి పెట్టి గింజ తీసి, అరచేతిలో పరిచి, ఊదింది, కొరికింది. మొలకల గుడ్డ చూపించగానే ఆమె మొహం విచ్చుకుంది. అంతటితో ఆగారా? చల్లాలా నాటాలా అని వాదన మొదలయింది. మా అత్త చేత్తో గాలిలో చల్లి చూపిస్తే, ఆమె వంగి నేల మీద వేళ్ళతో నాటి చూపించింది. నారు పోసి నాటితే ఈ కుండెడు తన చేనుకే కాదు, ఇంకా నాలుగిళ్ళకి సరిపోతుందట. అలాగైతే సరే, నాటుకో అని మా అత్త ఒప్పుకుంది. ఆవిడ ఎవరికైనా ఒప్పుకోవడం నేను చూడడం అదే మొదలు.

గింజంతా గుడ్డలోకి ఒంపుకున్నాక మౌసీ కుండ తిరిగి ఇవ్వబోయి ఆగింది. ఒట్టి కుండ ఇంటికి పంపకూడదని గుప్పిళ్ళతో కూరాకు తీసి అందులో నింపింది. ఆ తర్వాత మా అత్త రెండు చేతులూ పట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమందో మా ఇద్దరికీ తెలియదు. మా అత్త మాత్రం అర్థమైనట్టు తలూపింది.

దారి పొడుగునా నాకు ఇంకా కోపంగానే ఉంది. ఇంట్లో తడిసిన మడువా పిండి నాలుగు పూటలకి వస్తే గొప్ప. ఆ తర్వాత ఏం పెట్టాలి, ఆ ఎముకల గూడుకి మళ్ళీ స్నానం ఎలా చేయించాలి అని నాలో నేను కుతకుతలాడుతున్నాను. ఇల్లు చేరగానే ఆవిడ్ని పడుకోబెట్టి, మిగిలిన కాస్త పిండీ అంబలికి నానబెడదామని డబ్బా తీశాను. వెనక నుంచి పిలిచింది.

"ఆ పిండి ఉంచీ. కూరాకు వండు. నాకు అన్నం పెట్టు."

నేను వెనక్కి తిరిగి చూశాను. మంచం పట్టెల మీద చేతులు ఆనించి కూర్చుని ఉంది.

"అన్నం నీకు పడదు కదత్తా" అన్నాను.

"పడకపోతే ఎలాగే. పంట సూడాల గదా నాను. ఆళ్ళు కోసీదాకా ఉండాల."

వెల్లుల్లి వేసి కూరాకు వేయించాను. అన్నం మెత్తగా వండి, పళ్ళెంలో పెట్టి, ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గొంతులో ఆగింది. నీళ్ళు తాగి దించింది. ఇంకో ముద్దకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వికారానికి. చాల్లే అత్తా, మానెయ్ అన్నాను. వినలేదు. మందు మింగినట్టు ముద్ద ముద్దకీ నీళ్ళు తాగుతూ పళ్ళెం ఖాళీ చేసింది. నాకు ఏడుపు ఆగలేదు, ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు కూడా. ఆవిడ నా ఏడుపు చూసి, చెయ్యి ఎంగిలిదని ఎడమచేత్తో నా చెంప తుడిచి, పళ్ళెం ముందుకి జరిపింది.

"ఏడుపు తరవాత. ఇంకొంచెం పెట్టు."

పెట్టాను.